గాలిని మోసే యంత్రం: రూట్స్ బ్లోయరు కొనే ముందు చేపల రైతు చూసుకోవలసినవి

బయోఫ్లాక్ ట్యాంకులు పెట్టుకున్న రైతులు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే. "సార్, ఎన్ని హెచ్.పి. బ్లోయరు కొనమంటారు?" నేను వెంటనే జవాబు చెప్పను. ట్యాంకులో నీళ్లు ఎంత లోతు ఉంటాయి, మొత్తం ఎన్ని గాలి రాళ్లు వేస్తారు, పైపు ఎంత దూరం లాగుతారు అని ఎదురు అడుగుతాను. చాలామందికి విసుగొస్తుంది. హెచ్.పి. అనేది ఈ మూడూ తెలిశాక లెక్కలో వచ్చి కూర్చునే అంకె. ముందే అంకె పట్టుకుని బజారుకు వెళితే, దుకాణంలో ఏది మిగిలిపోయి ఉంటే అదే మన ట్యాంకుకు సరిపోతుందని చెబుతారు.

నేను చదివింది వ్యవసాయం. చేపలకు వేరే శాఖ ఉంది, యంత్రాలకు వేరే చదువు ఉంది. కానీ రెండెకరాల వరి రైతే ఇంటి వెనక నాలుగు ట్యాంకులు పెట్టుకుంటే, ఏది చెడినా ముందు నాకే ఫోన్ చేస్తున్నాడు. అందుకని ఈ యంత్రం గురించి నేర్చుకోక తప్పలేదు. నేర్చుకున్నది తరగతి గదిలో కాదు. మా ఇల్లు విశాఖపట్నం వన్ టౌన్‌లో. ఒక పక్క ఓడరేవు, ఇంకో పక్క చేపల రేవు. 1933లో పోర్టు మొదలైన నాటి నుంచీ ఇక్కడ యంత్రాలు విప్పడం, బిగించడం, పాతవి కొనడం, అమ్మడం బతుకుతెరువు అయినవాళ్లు ఉన్నారు. మా వీధికి దగ్గరలో ఒక మేస్త్రీ షెడ్డు ఉంది. అక్కడ ఒకరోజు మూత విప్పి పెట్టిన రూట్స్ బ్లోయరు చూశాను. లోపల ఏముందో చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

ముందు పేరు సంగతి. ఒక రైతు నన్ను "ఇది వేర్లకు గాలి పెట్టే మిషనా సార్?" అని అడిగాడు. తప్పు లేదు, రూట్స్ అంటే ఇంగ్లీషులో వేర్లే. కానీ ఇక్కడ అది ఇంటిపేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ అనే ఊళ్లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు ఉన్ని మిల్లు నడిపేవారు. నీటి బలంతో తిరిగే చక్రం కోసం చేసిన ప్రయత్నంలోంచి ఈ యంత్రం పుట్టింది. నీటి పనికి కుదరలేదు గానీ, ఉత్తినే తిప్పితే గాలి జోరుగా కొట్టింది. 1860లో దానికి పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలిమిలకు గాలి పెట్టడం దాని మొదటి పెద్ద కొలువు. ఇప్పుడు దీన్నే రొటరీ లోబ్ బ్లోయరు అనీ, ట్విన్ లోబ్ బ్లోయరు అనీ అంటున్నారు.

మూత విప్పితే కనిపించేది ఇది. గుడ్డు ఆకారపు ఇనప గది. అందులో పక్కపక్కనే రెండు రోటర్లు. ఒక్కొక్కటి మన 8 అంకెలా, నడుము సన్నంగా ఉంటుంది. రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఒకదాని ఉబ్బు రెండోదాని నడుములోకి వచ్చి పోతుంది, కానీ ఎక్కడా తగలదు. గోడకూ తగలదు. సందు మిల్లీమీటరులో పదో వంతు, రెండు వంతులు, అంతే. తగలకుండా తిప్పే బాధ్యత గది బయట ఉన్న రెండు పళ్ల చక్రాలది. నూనె ఆ చక్రాలకూ బేరింగులకూ మాత్రమే. గాలి తిరిగే గదిలో నూనె చుక్క ఉండదు. చేపల ట్యాంకుకు ఈ యంత్రం పనికొచ్చే కారణాల్లో ఇదొకటి, నీళ్లమీద నూనె తెట్టు కట్టదు.

అనకాపల్లి వైపు రైతులకు చెరకు గానుగ బాగా తెలుసు. రెండు రోళ్ల మధ్య చెరకు పెడితే నలిగి రసం వస్తుంది. ఈ బ్లోయరులో కూడా గాలి రెండు రోటర్ల మధ్య నలిగి బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మేస్త్రీ నవ్వి, పుల్లీని చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. మధ్యలోంచి గాలి పోదు. పీల్చే వైపు నుంచి లోపలికి వచ్చిన గాలి, రోటరు నడుముకూ ఇనప గోడకూ మధ్య దోసిట్లో పట్టినట్టు చిక్కుకుంటుంది. రోటరు దాన్ని గోడ వెంట చుట్టూ తిప్పి అవతల వైపు వదిలిపెడుతుంది. మధ్యలో కలుసుకునే రెండు ఉబ్బులూ చేసే పని, వదిలిన గాలి వెనక్కి రాకుండా తలుపులా అడ్డుపడటం. రెండు లోబుల యంత్రంలో ఒక చుట్టుకు ఇలాంటి దోసిళ్లు నాలుగు, మూడు లోబుల దానిలో ఆరు. మూడు లోబులది కాస్త తక్కువ మోత చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. దోసిట్లో ఉన్నంతసేపు గాలి నలగలేదు, చిన్నది కాలేదు. బయటి గాలి ఎంత ఒత్తిడిలో ఉందో అంతే ఒత్తిడిలో అవతలి గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం తెరుచుకోగానే, అప్పటికే పైపులో బిగువుగా ఉన్న గాలి వెనక్కి ఎగదన్ని దోసిలి నింపుతుంది. రూట్స్ బ్లోయరు చేసే ఆ దబదబ మోత అందులోంచి వచ్చేదే. ఈ యంత్రం తనంతట తాను ఒత్తిడి పుట్టించదు. గాలిని మోస్తుంది. ఒత్తిడిని నిర్ణయించేది మీ నీళ్ల లోతు, మీ రాళ్లు, మీ పైపు. మీటరు లోతు నీళ్లను తోసుకుని గాలి బయటపడాలంటే దాదాపు 100 మిల్లీబార్ల ఒత్తిడి కావాలి. మీ ట్యాంకులో 1.2 మీటర్ల నీళ్లుంటే 120, రాళ్లకూ పైపు వంపులకూ ఇంకో 40 నుంచి 60. అంటే గేజీ 160, 180 దగ్గర నిలబడుతుంది. అదే యంత్రాన్ని మూడు మీటర్ల లోతు ట్యాంకుకు కలిపితే గేజీ 350 చూపిస్తుంది. గాలి మాత్రం ఇంచుమించు అంతే వస్తుంది. సందుల్లోంచి కొంత వెనక్కి జారుతుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

అయితే ఆ బిగువును ఎదిరించి తిప్పే శ్రమంతా మోటారుది. ఒత్తిడి రెట్టింపైతే మోటారు మీద బరువూ దాదాపు రెట్టింపే. దారి మొత్తం మూసేస్తే, మామూలు ఫ్యానులా ఊరికే తిరుగుతూ కూర్చోదు. తెచ్చిన గాలిని తోస్తూనే ఉంటుంది. మోటారు ట్రిప్ కావాలి, బెల్టు కాలాలి, లేదా వేడికి రోటరు ఉబ్బి గోడకు తగిలి పట్టేయాలి.

ఆనందపురం వైపు ఒక రైతుకు జరిగింది ఇదే. ఎనిమిది ట్యాంకుల్లో తిలాపియా వేశాడు. బ్లోయరు సెకండ్ హ్యాండుది, ఏదో కర్మాగారం తీసేసిన సరుకు. కొనే ముందు నన్ను అడిగాడు, కొన్నాక నేను చూశాను కూడా. తిరగడం బాగుంది, మోత సమంగా ఉంది అన్నాను. దానికి ఉండవలసిన రిలీఫ్ వాల్వు లేదని నేను గమనించలేదు. ఏప్రిల్‌లో ఐదు ట్యాంకుల చేపలు అమ్మేశాడు. మూడు మిగిలాయి. ఖాళీ ట్యాంకులకు గాలి ఎందుకు దండగని వాటి వాల్వులు ఐదూ కట్టేశాడు. ఎవరైనా అదే చేస్తారు, పొలంలో నీళ్ల పైపుకు మనం చేసేది అదే కదా. ఎనిమిది ట్యాంకుల గాలి మూడు ట్యాంకుల రాళ్లలోంచి దూరవలసి వచ్చింది. ఒక్కో రాయి గుండా రెండున్నర రెట్లకు పైగా గాలి. గాలి అంత పెరిగితే రాయి అడ్డు ఆరేడు రెట్లవుతుంది. సాయంత్రం దాకా లాగింది. రాత్రి రెండు గంటల ప్రాంతంలో ఓవర్‌లోడ్ రిలే పడి మోటారు ఆగింది. ఆ కుటుంబం పక్కనే ఇంట్లో నిద్రపోతోంది. మోత ఆగితే మెలకువ వస్తుందనుకుంటాం, రాదు.

తెల్లారాక ఫోన్ చేసి, "నేనేటి తప్పు చేశాను సార్? వాల్వులు కట్టడమే కదా చేశాను" అన్నాడు. అతను చేసిన తప్పు కంటే నేను చెప్పకపోవడం పెద్దది. ఆ ఫోన్ తరువాతే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

బయోఫ్లాక్‌లో గాలి ఆగడం మామూలు చెరువులో ఏరియేటరు ఆగడం లాంటిది కాదు. చెరువులో నీళ్లు ఎక్కువ, చేపలు పలుచన, పగలు నాచు కొంత ప్రాణవాయువు ఇస్తుంది. ట్యాంకులో చేపలు ఒత్తుగా ఉంటాయి, వాటితో పాటు నీళ్ల నిండా బ్యాక్టీరియా ముద్దలు ఉంటాయి, అవీ ప్రాణవాయువే పీలుస్తాయి. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు నిండుగా పట్టుకున్నా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే పైన ఉంచమని మేం చెబుతాం. గాలి ఆగితే అరగంట, గంటలో అది ప్రమాదపు గీత కిందికి వస్తుంది. కొరమీను లాంటి చేపలు పైకి వచ్చి గాలి మింగగలవు కాబట్టి కొంత గడువు దొరుకుతుంది. తిలాపియాకు, రోహుకు ఆ వీలు లేదు.

మరి కొన్ని ట్యాంకులు ఖాళీ అయినప్పుడు ఏం చేయాలి? ఖాళీ ట్యాంకు వాల్వు తెరిచి వదిలేయడం కూడా తప్పే. అందులో నీళ్లు లేకపోతే అడ్డు ఉండదు, గాలి మొత్తం సులువు దారి చూసుకుని అటే పోతుంది, చేపలున్న ట్యాంకులో బుడగ కూడా రాదు. తేలిక పని, ఖాళీ చేసిన ట్యాంకులో అదే లోతుకు నీళ్లు నింపి గాలి కొనసాగించడం. అది వీలుకాకపోతే ప్రధాన పైపుకు ఒక టీ వేసి, బయటికి గాలి వదిలే వాల్వు పెట్టుకోండి. దాన్ని కొద్దికొద్దిగా తెరుస్తూ గేజీ మామూలు అంకెకు వచ్చిన చోట ఆపండి. ఎక్కువ రోజులు అలాగే నడపాలంటే మాత్రం గాలి వృథా చేయడం కంటే వేగం తగ్గించడం మేలు. మోటారుకు చిన్న పుల్లీ వేయించినా, వి.ఎఫ్.డి. పెట్టినా సరే, తయారీదారు చెప్పిన కనీస వేగం కంటే కిందికి దించకూడదు. వేగం పెంచడానికి పెద్ద పుల్లీ వేసేవాళ్లూ ఉన్నారు. ప్లేటు మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది. అది దాటితే బేరింగులు మిగలవు.

గేజీ అంటే గుర్తొచ్చింది. చాలామంది బ్లోయర్లకు అదే ఉండదు. గేజీ లేని బ్లోయరు థర్మామీటరు లేని ఆసుపత్రి. కొనడానికి డబ్బు లేకపోతే ఒక ఉపాయం ఉంది. ఆరున్నర మీటర్ల తెల్ల పారదర్శక పైపు తీసుకుని, నిలువుగా కట్టిన కర్రకు ఆనించి రెండు కాళ్లూ సమంగా ఉండేలా యు ఆకారంలో కట్టండి. సగం దాకా రంగు నీళ్లు పోయండి. ఒక కొసను గాలి పైపుకు కలపండి, రెండోది తెరిచి ఉంచండి. రెండు వైపుల నీటి మట్టాల తేడా ఎన్ని సెంటీమీటర్లుంటే ఇంచుమించు అన్ని మిల్లీబార్లు. యంత్రం కొత్తగా బిగించిన రోజు ఆ తేడా ఎంతో గోడమీద రాసుకోండి. నెల తర్వాత 180 కాస్తా 280 అయితే రాళ్లు పూడుకున్నాయని అర్థం. అంటే అదే గాలికి సగం పైగా ఎక్కువ కరెంటు కడుతున్నారన్నమాట. రాళ్లు తీసి ఎండబెట్టి శుభ్రం చేస్తే గేజీ దిగుతుంది, బిల్లూ దిగుతుంది.

కరెంటు లెక్క కూడా చెబుతాను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చిన్న బయోఫ్లాక్ యూనిట్ అంటే 4 మీటర్ల వ్యాసం, 1.5 మీటర్ల ఎత్తు ట్యాంకులు ఏడు. యూనిట్ ఖర్చు 7.5 లక్షల రూపాయలుగా పెట్టి, అందులో సామాన్య వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ అన్నారు. దరఖాస్తు పెట్టే ముందు ప్రస్తుతం ఏం అమల్లో ఉందో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి. ట్యాంకులో 1.2 మీటర్ల నీళ్లంటే ఒక్కోదానిలో 15 ఘనపు మీటర్లు, ఏడింటికి 105. గంటకు 100 ఘనపు మీటర్ల గాలి, 180 మిల్లీబార్ల ఒత్తిడి అనుకుందాం. కాగితం మీద దానికి అర కిలోవాట్ చాలు. సందుల్లో జారిపోయేదీ బెల్టు, మోటారు తినేదీ కలిపితే ఒక కిలోవాట్ దాకా పోతుంది. రోజుకు 24 యూనిట్లు, నెలకు 720. చేపలు అమ్మే దాకా ఆపడం అనేది ఉండదు కాబట్టి, ఆ నెలలన్నీ గుణించుకున్నాకే లాభం లెక్క వేసుకోండి.

ఈ చిన్న యూనిట్‌కు రూట్స్ బ్లోయరే కావాలా అంటే, నా ఉద్దేశంలో అక్కర్లేదు. మీటరు, మీటరున్నర లోతు, ఏడెనిమిది ట్యాంకులు అయితే రింగ్ బ్లోయరు చాలు. దానికి బెల్టు ఉండదు, గేరు నూనె ఉండదు, ధర తక్కువ. ఒత్తిడి పెరిగేకొద్దీ దాని గాలి గబగబా పడిపోతుంది, అదొక్కటే లోపం. రాళ్లు శుభ్రంగా ఉంచుకోగలిగితే ఆ లోపంతో నెట్టుకురావచ్చు. ఒక పెద్ద రూట్స్ బ్లోయరు కొనే డబ్బుతో రెండు రింగ్ బ్లోయర్లు వస్తే, ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. ట్యాంకులు లోతైనవైనా, ఇరవై ముప్పై ఉన్నా, పైపు దూరం లాగవలసి వచ్చినా అప్పుడు రూట్స్ వైపు చూడండి. మట్టి చెరువులో రొయ్యలు వేసేవారికి తెడ్ల చక్రం ఏరియేటర్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నవి, నీళ్లను తిప్పే పని కూడా అవే చేస్తాయి.

మన చుట్టుపక్కల ఇవి ఎక్కువగా కనిపించేది భీమిలి తీరం వెంట ఉన్న రొయ్య పిల్లల హేచరీల్లో. అక్కడ వరుసగా ట్యాంకులు, రాత్రింబవళ్లు బుడగలు, ఒక గదిలో రెండు మూడు బ్లోయర్లు. ఒకటి తిరుగుతుంటే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. వీలైతే ఒకసారి వెళ్లి ఆ గది చూసి రండి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో బ్యాక్టీరియాకు గాలి పెట్టడానికీ, మంచినీటి ఫిల్టర్ల ఇసుకను కుదిపి కడగడానికీ ఇవే వాడతారు. సిమెంటు లారీ ట్యాంకరు నుంచి పొడిని పైపులో ఎగరేసి గోదాముకు ఎక్కించేదీ, థర్మల్ కేంద్రాల్లో బూడిదను కదిలించేదీ, పిండి మిల్లులో పిండిని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు తీసుకెళ్లేదీ ఈ జాతి యంత్రాలే. స్టీల్ ప్లాంటు ఉన్న ఊరు కాబట్టి అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుకూ ఇదే అనుకుంటారు. అంత గాలికి ఇది చాలదు, అక్కడ పనిచేసేవి టర్బో బ్లోయర్లు.

ఇలాంటి చోట్ల తీసేసిన యంత్రాలే మనకు సెకండ్ హ్యాండుగా వస్తాయి. సిమెంటు, బూడిద మోసిన చోట పనిచేసినదైతే జాగ్రత్త. ఆ పొడి లోపలికి పోయి ఉంటే లోబులు అరిగి, సందులు పెరిగి, గాలి వెనక్కి జారుతుంది. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా, గీరిన చప్పుడు లేకుండా తిరగాలి. గేరు నూనె కొంచెం తీసి వేలికి రాసుకోండి, ఇనప రజను మెరిస్తే ఆ బేరం వదులుకోండి. పేరు ప్లేటు పీకేసి రంగు వేసిన యంత్రాన్ని నేనైతే ఎంత చౌకైనా కొననివ్వను.

బిగించేటప్పుడు బ్లోయరు నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి. కుదరకపోతే పైపునైనా నీటి మట్టం పైకి ఎక్కించి దించాలి. పైపులో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. లేకపోతే కరెంటు పోగానే పైపులోని గాలి వెనక్కి కొట్టి రోటర్లు తిరగబడి తిరుగుతాయి, రాళ్ల గుండా నీళ్లు వెనక్కి వస్తాయి. లైన్‌మన్ పని చేసి వెళ్లాక ఫేజులు తారుమారైతే మోటారు తలకిందులుగా తిరిగి ట్యాంకు వైపు నుంచి పీల్చబోతుంది. అందుకే ప్రతిసారీ బాణం గుర్తు చూసి ఆన్ చేయండి. రిలీఫ్ వాల్వు బ్లోయరుకూ మొదటి వాల్వుకూ మధ్యే ఉండాలి, మామూలు ఒత్తిడి కంటే కాస్త ఎక్కువలో తెరుచుకునేలా పెట్టించండి. ప్రతి 100 మిల్లీబార్లకు గాలి సుమారు పది, పన్నెండు డిగ్రీలు వేడెక్కుతుంది. మే నెల ఎండలో 200 మిల్లీబార్ల దగ్గర నడుస్తుంటే బయటికి వచ్చే గాలి 60 డిగ్రీలు దాటవచ్చు. పి.వి.సి. పైపు మెత్తబడి కీలు దగ్గర ఊడుతుంది. మొదటి మూడు నాలుగు మీటర్లు జి.ఐ. పైపే వేయండి.

మా వన్ టౌన్‌లో ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఆపి పెట్టిన బ్లోయరు లోపల తుప్పు పట్టి, నెలకల్లా రోటర్లు బిగుసుకుపోతాయి. రెండో యంత్రాన్ని అవసరానికని మూల పెట్టుకున్నవారు దాన్ని వారానికి ఒకసారైనా పావుగంట నడపాలి. పీల్చే వైపు ఫిల్టరు తీసి దులపడం కూడా ఆ రోజే పెట్టుకోండి. నూనె మట్టం యంత్రం ఆపినప్పుడు చూడాలి, తిరుగుతుండగా చూస్తే తప్పు చూపిస్తుంది.

కరెంటు పోతే ఏమిటన్నది చివర రాస్తున్నాను గానీ ఖర్చులో మొదట పెట్టుకోవలసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు. బ్లోయరును లాగగలిగే జనరేటరు, రెండు రోజుల డీజిలు లేకుండా బయోఫ్లాక్ మొదలుపెట్టవద్దు. దానితో పాటు పైపులో ఒత్తిడి పడిపోగానే మంచం పక్కన మోగే బెల్లు. ప్రెషర్ స్విచ్చు, బ్యాటరీ, సైరను ఉంటే ఏ ఎలక్ట్రీషియనైనా కట్టి ఇస్తాడు. కరెంటు పోయినా, బెల్టు తెగినా, రిలే పడినా అది మోగుతుంది. ఆనందపురం రైతు ఇప్పుడు రిలీఫ్ వాల్వు, గేజీ, బెల్లు మూడూ పెట్టించుకుని మళ్లీ నాలుగు ట్యాంకులు నింపాడు. బెల్లు రెండుసార్లు మోగిందట, రెండుసార్లూ కరెంటు పోయినందుకే.

నాకు ఫోన్ చేసేవారు నీళ్ల లోతు, రాళ్ల సంఖ్య, పైపు పొడవు, దాని సైజు ఒక కాగితం మీద రాసుకుని, యంత్రం పేరు ప్లేటు ఫొటో తీసి పెట్టుకుని చేయండి.